విక్రమ్-ఎస్ వంద కిలోమీటర్లు దాటలేదు, మరి విజయం ఎలా? సబ్-ఆర్బిటల్ పరీక్షలో నిజంగా చూసేవేమిటి

అడిగిన ప్రశ్న ఇది: 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ ఎగరేసిన విక్రమ్-ఎస్ వంద కిలోమీటర్లు అందుకోలేదు, ఐదు నిమిషాల్లోపే బంగాళాఖాతంలో పడింది. దాన్ని విజయం అని ఎందుకన్నారు? అలాంటి సబ్-ఆర్బిటల్ (కక్ష్యకు చేరకుండా పైకి వెళ్లి పడిపోయే) ప్రయోగంలో ఇంజినీర్లు ఏం పరీక్షిస్తారు, ఎక్కడెక్కడ చెడుతుంది?

ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. విక్రమ్-ఎస్ ఒకే దశ ఉన్న ఘన ఇంధన రాకెట్. పొడవు 6 మీటర్లు, వ్యాసం 0.375 మీటర్లు, బరువు 545 కిలోలు, గరిష్ఠ థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) 7 టన్నులు. ఉదయం 11:30కి శ్రీహరికోటలోని సౌండింగ్ రాకెట్ల (పై వాతావరణాన్ని కొలిచే చిన్న రాకెట్ల) ప్రాంగణం నుంచి లేచి 89.5 కి.మీ. ఎత్తుకు వెళ్లి, 121.2 కి.మీ. దూరంలో సముద్రంలో పడింది. అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందో అంతర్జాతీయంగా చెప్పుకునే కార్మన్ రేఖ 100 కి.మీ., అమెరికాలో లెక్క 50 మైళ్లు, అంటే సుమారు 80 కి.మీ. ఈ రెండు గీతల్లో దేన్ని దాటిందన్నది పత్రికల శీర్షికకు పనికొస్తుంది కానీ రాకెట్ చేసినవాళ్లకు కాదు. గాలి లేదనుకుంటే 89.5 కి.మీ. నుంచి కింద పడటానికి దాదాపు 135 సెకన్లు పడుతుంది, మోటార్ (ఘన ఇంధన ఇంజిన్) ఆరాక పైకి వెళ్లడానికీ ఇంచుమించు అంతే. అంటే ఆ ఐదు నిమిషాల్లో చాలా భాగం విసిరిన రాయి ప్రయాణమే. పరీక్ష అంతా మొదటి కొద్ది సెకన్లలో జరిగిపోతుంది. ఆ సెకన్లలో పీడనం, కంపనం, వేడి, దిశ ముందే వేసిన లెక్కకు ఎంత దగ్గరగా వచ్చాయి, ఆ కొలతలు నేలకు చేరాయా లేదా అన్నదే విజయానికి గీటురాయి. 120 కి.మీ. ఎగిరి టెలిమెట్రీ (రేడియోలో నేలకు పంపే కొలతలు) ఇవ్వని రాకెట్ కన్నా 60 కి.మీ. ఎగిరి మొత్తం డేటా పంపిన రాకెట్ నా దృష్టిలో చాలా మేలు.

కక్ష్యతో పోల్చడం కూడా సరికాదు. 100 కి.మీ. ఎత్తుకు నిలువుగా విసరడానికి కిలోకు ఒక మెగాజూల్ కంటే కాస్త తక్కువ శక్తి చాలు. 500 కి.మీ. కక్ష్యలో పెట్టాలంటే కిలోకు 33 మెగాజూళ్లు దాటుతుంది. ముప్పై రెట్లకు పైగా తేడా ఉంది. సబ్-ఆర్బిటల్ అన్నది కక్ష్యకు సగం దారి కాదు, అది వేరే పరీక్ష. మన దేశంలో ఇది కొత్తదీ కాదు: 1963 నవంబరు 21న తుంబా నుంచి లేచిన నైకీ-అపాచీ మొదలు రోహిణి సౌండింగ్ రాకెట్ల దాకా నేర్చుకున్నదంతా ఈ దారిలోనే నేర్చుకున్నారు.

ఇక అసలు విషయం, మోటార్. ఇలాంటి మోటార్లలో ప్రొపెల్లెంట్ (మండే మిశ్రమం) సాధారణంగా అమ్మోనియం పెర్‌క్లోరేట్ 68 శాతం, అల్యూమినియం పొడి 18, హెచ్‌టీపీబీ అనే రబ్బరు బైండర్ 14 శాతం చుట్టుపక్కల ఉంటుంది. గాలి బుడగలు రాకుండా వాక్యూమ్‌లో పోత పోసి, 60 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని రోజులు గట్టిపడనిస్తారు. చల్లారేటప్పుడు రబ్బరు ఎక్కువ కుంచించుకుంటుంది, కార్బన్ ఫైబర్ కేసింగ్ (బయటి గొట్టం) దాదాపు కుంచించుకోదు. ఆ లాగుడు వల్ల గ్రెయిన్ (గట్టిపడిన ప్రొపెల్లెంట్ దిమ్మ) లోపలి రంధ్రం అంచుల్లో పగుళ్లు రావచ్చు, చివర్లలో ఇన్సులేషన్ నుంచి ఊడిరావచ్చు. ఎక్స్‌రే, అల్ట్రాసానిక్ తనిఖీలు ఇందుకే.

పగులు అంత ప్రమాదం ఎందుకో లెక్కతో చూడండి. ప్రొపెల్లెంట్ మండే వేగం పీడనంతో పాటు పెరుగుతుంది. ఎంతగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం 0.35 అనుకుందాం. అప్పుడు లోపలి పీడనం, మండే ఉపరితలానికి 1.54 ఘాతంగా మారుతుంది. ఉపరితలం 10 శాతం పెరిగితే పీడనం 16 శాతం పెరుగుతుంది. 30 శాతం పెరిగితే 50 శాతం. కేసింగ్‌ను పని పీడనానికి 1.25 నుంచి 1.5 రెట్లకే డిజైన్ చేస్తారు కాబట్టి ఒక పెద్ద పగులు, లేదా ఊడిన ఒక అంచు మోటార్‌ను పేల్చేయడానికి సరిపోతుంది. ద్రవ ఇంజిన్‌లా వాల్వు మూసి ఆపేసే వీలు ఇక్కడ లేదు. ఒకసారి అంటుకుంటే అయిపోయేదాకా మండాల్సిందే.

ఉష్ణోగ్రతనూ మరిచిపోకండి. గ్రెయిన్ 20 డిగ్రీలు వేడెక్కితే పీడనం 5 శాతం వరకూ పెరగవచ్చు. అందుకే ప్రయోగానికి ముందు మోటార్‌ను ఏసీ గదిలో ఉంచి, లాంచర్ మీదికి ఎక్కించాక కవర్ వేసి, గ్రెయిన్ సగటు ఉష్ణోగ్రతను రాసుకుంటారు. అది లేకుండా ఎగిరాక వచ్చిన పీడనం గీతను స్టాటిక్ టెస్ట్ (మోటార్‌ను నేలకు బిగించి మండించే పరీక్ష) గీతతో పోల్చలేం. శ్రీహరికోటలాంటి తేమ చోట నాజిల్ (వాయువులు బయటికి దూకే గరాటు) మూతి సీలు కూడా ముఖ్యం; పెర్‌క్లోరేట్ తేమ పీలిస్తే ఉపరితలం సరిగ్గా అంటుకోదు, ఇగ్నిషన్ ఆలస్యమవుతుంది.

రాకెట్ లేచాక మొదటి శత్రువు గాలి. 7 టన్నుల థ్రస్ట్, 545 కిలోల బరువు అంటే సుమారు 12 జీ (భూమి గురుత్వానికి 12 రెట్లు) త్వరణం. అయినా 6 మీటర్ల లాంచర్ రెయిల్ వదిలేసరికి వేగం సెకనుకు 35 మీటర్ల దగ్గరే ఉంటుంది. అప్పుడు పక్క నుంచి సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తే రాకెట్‌కు గాలి 8 డిగ్రీల కోణంలో తగిలినట్టు. ఫిన్స్ (తోక రెక్కలు) తోకను గాలివాటున నెట్టేస్తాయి, ముక్కు గాలికి ఎదురుగా తిరుగుతుంది, మోటార్ అటే తోస్తుంది. గాలి ఎటు వీస్తే రాకెట్ అటు పోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. మోటార్ మండుతున్నంతసేపూ జరిగేది దానికి ఉల్టా.

మార్గదర్శక వ్యవస్థ లేని రాకెట్‌కు దీన్ని సరిచేసే అవకాశం నేలమీదే ఉంది. ప్రయోగానికి కొన్ని గంటల ముందు నుంచి బెలూన్లు వదులుతారు, తక్కువ ఎత్తుకు టవర్ మీది గాలి మీటర్ల రీడింగులు తీసుకుంటారు. ఒక్కో పొరలోని గాలికి ఒక్కో బరువు కట్టి కూడుతారు. మొత్తం ప్రభావంలో పెద్ద వాటా మొదటి కొన్ని వందల మీటర్లదే, ఎందుకంటే అక్కడే రాకెట్ నెమ్మదిగా ఉంటుంది. ఆ కూడిన విలువతో లాంచర్ వాలునూ దిశనూ సవరిస్తారు. ఆఖరి బెలూన్‌కూ ప్రయోగానికీ మధ్య గాలి మారితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కౌంట్‌డౌన్‌లో ఈ ముక్కను తేలిగ్గా తీసుకునే జట్లు పడే చోటును పదుల కిలోమీటర్లు తప్పుతాయి.

స్థిరత్వానికి భారకేంద్రం (బరువంతా సమతూగే చోటు) ముందు, వాయుపీడన కేంద్రం (గాలి తోపంతా పడే చోటు) వెనక ఉండాలి. వాటి మధ్య దూరం రాకెట్ వ్యాసానికి కనీసం ఒకటిన్నర, రెండు రెట్లు ఉంచడం అలవాటు. 0.375 మీటర్ల వ్యాసానికి అది 56 నుంచి 75 సెంటీమీటర్లు. ధ్వని వేగానికి మూడు నాలుగు రెట్లలో ఫిన్స్ పట్టు తగ్గి వాయుపీడన కేంద్రం ముందుకు జరుగుతుంది. అదే సమయంలో వెనకున్న ప్రొపెల్లెంట్ ఖర్చవుతూ భారకేంద్రం కూడా ముందుకు కదులుతుంది. ఈ రెండిటి పందెంలో మార్జిన్ (వాటి మధ్య దూరం) ఎక్కడ అతి తక్కువో ఆ క్షణాన్ని లెక్కేసి చూడాలి. లాంచర్ మీద చూసిన మార్జిన్ ఒక్కటీ సరిపోదు.

విక్రమ్-ఎస్‌లో ఫిన్స్‌తో పాటు 3డీ ప్రింటింగ్‌తో చేసిన చిన్న ఘన ఇంధన థ్రస్టర్లు రాకెట్‌ను తన చుట్టూ తాను తిప్పాయి. కారణం సులభం. నాజిల్ 0.1 డిగ్రీ వంకరగా బిగిసినా 7 టన్నుల థ్రస్ట్‌లో 12 కిలోల బరువంత పక్కతోపు వస్తుంది. రాకెట్ తిరగకపోతే అది ఎప్పుడూ ఒకే వైపు తోస్తుంది. తిరిగితే ఒక చుట్టులో అన్ని వైపులా పడి చాలావరకు కొట్టుకుపోతుంది. అయితే ఇక్కడొక ఉచ్చు ఉంది. రాకెట్ ముక్కు ఊగే సహజ వేగం సెకనుకు రెండుసార్లు అనుకోండి. స్పిన్ కూడా సెకనుకు రెండు చుట్లకు చేరి అక్కడే నిలిస్తే ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోసినట్టు ఊపు పెరిగిపోతుంది, కోణం పెరుగుతుంది, రాకెట్ విరుగుతుంది. పైగా ఆ సహజ వేగం స్థిరంగా ఉండదు. ఎదురుగాలి ఒత్తిడితో పెరిగి, ఎత్తుకు పోయాక తగ్గుతుంది. కాబట్టి స్పిన్ ఆ గీతను వేగంగా దాటేయాలి, దాని వెంట నడవకూడదు. ఫిన్స్‌లో అర డిగ్రీ బిగింపు తేడా కూడా ఈ పథకాన్ని పాడుచేస్తుంది. ఫిన్స్‌ను జిగ్ (కొలత చట్రం) మీద పెట్టి కొలవాలి, కంటితో సరిచూడటం కుదరదు.

చిన్న రాకెట్ కదా, భారం తక్కువనుకోవద్దు. 10 కి.మీ. ఎత్తులో సెకనుకు 900 మీటర్ల వేగంతో పోతే ఆ వేగం వల్ల తగిలే ఎదురుగాలి ఒత్తిడి (డైనమిక్ ప్రెషర్) 165 కిలోపాస్కళ్లు దాటుతుంది. పెద్ద ఉపగ్రహ వాహకాలు సాధారణంగా చూసేది 30, 40 మాత్రమే. ధ్వనికి 5 రెట్ల వేగంలో ముక్కు కొస దగ్గర ఆగిన గాలి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, కార్బన్-ఎపాక్సీ మాత్రం 120 నుంచి 180 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలెడుతుంది. వేడి తగిలేది కొద్ది సెకన్లే కాబట్టి ముక్కుకూ ఫిన్స్ ముందంచుకూ కార్క్ లాంటి పూత చాలు. కానీ ఆ పూత కింద థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) పెట్టకపోతే ఎంత మిగిలిందో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఏవియానిక్స్, అంటే రాకెట్‌లోని ఎలక్ట్రానిక్స్. మొదటి ప్రయోగాల్లో చేజేతులా చేసుకునే నష్టాలు ఎక్కువగా ఇక్కడే. విద్యార్థి జట్లు వాడే యాక్సిలెరోమీటర్ (త్వరణం కొలిచే సెన్సర్) 16 జీ దాకా కొలుస్తుంది. సగటు త్వరణమే 12 జీ ఉన్న రాకెట్‌లో కంపనం కలిసేసరికి అది పై హద్దుకు కొట్టుకుని నిలిచిపోతుంది. 40, 50 జీ కొలిచేది కావాలి. తిరిగే వేగం కొలిచే గైరోది ఇంకా దారుణం: మామూలు చిప్ హద్దు సెకనుకు 2000 డిగ్రీలు. సెకనుకు 5 చుట్లు అంటేనే 1800. స్పిన్ కాస్త ఎక్కువైతే రోల్ (తన చుట్టూ తాను తిరగడం) డేటా మొత్తం పోతుంది. మార్కెట్లో దొరికే జీపీఎస్ రిసీవర్లు 18 కి.మీ. ఎత్తు, సెకనుకు సుమారు 515 మీటర్ల వేగం దాటితే ఎగుమతి నిబంధనల వల్ల పనిచేయడం మానేస్తాయి. ఆ పరిమితి తీసేసిన రిసీవర్ కోసం నెలల ముందే అనుమతి తెచ్చుకోవాలి. యాంటెన్నా ఒక వైపే ఉంటే తిరిగే రాకెట్‌లో ప్రతి చుట్టుకూ సిగ్నల్ ఒకసారి చచ్చి బతుకుతుంది. అందుకే ఒంటి చుట్టూ పట్టీలా యాంటెన్నా పెడతారు.

డేటా వేగాన్ని ముందే లెక్కేయండి. మూడు అక్షాల కంపన సెన్సర్లు నాలుగు, ఒక్కో అక్షానికి సెకనుకు 5000 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు అంటే అవే సెకనుకు 960 కిలోబిట్లు. ఇరవై ఉష్ణోగ్రత సెన్సర్లను సెకనుకు పదిసార్లు చదివితే కావాల్సింది 3.2 కిలోబిట్లే. కంపనాన్ని ఎక్కడ కొలవాలో ఎంచుకోవడమే అసలు కష్టం. ఆన్-బోర్డ్ రికార్డర్‌ను నమ్ముకోలేం, అది సముద్రం అడుగుకు పోతుంది. టెలిమెట్రీలో వచ్చిందే మీ చేతికి దక్కేది.

బ్యాటరీ దగ్గర ఒక నియమం ఉంది, దాన్ని ఎప్పుడూ తప్పొద్దు: ఇగ్నైటర్లూ (మోటార్‌ను అంటించేవి) స్పిన్ థ్రస్టర్లూ పేల్చే బ్యాటరీ వేరు, కంప్యూటర్ నడిపే బ్యాటరీ వేరు. ఒక్కటే వాడితే పేల్చిన క్షణంలో వోల్టేజి కుంగి కంప్యూటర్ రీసెట్ అవుతుంది, సరిగ్గా అత్యంత విలువైన సెకనులో. కాలం లెక్క కూడా ఇగ్నిషన్ ఆదేశం నుంచి కాకుండా, రాకెట్ కదిలినప్పుడు తెగే వైరు నుంచి మొదలవ్వాలి. కనెక్టర్లకు తాళం ఉన్నవే వాడి, స్క్రూలకు జిగురు వేసి, బిగింపు మీద రంగు గీత గీయండి. ఇగ్నైటర్ ఒక ఆంపియర్, ఒక వాట్ వరకూ అంటుకోని రకమై ఉండాలి. సేఫ్-ఆర్మ్ పరికరం (పొరపాటున అంటుకోకుండా అడ్డుకునే స్విచ్) ఆర్మ్ స్థితికి వచ్చేది మనుషులంతా వెళ్లిపోయాకే.

రేంజ్ (ప్రయోగ స్థలం) సంగతి క్లుప్తంగా. ప్రైవేటు ప్రయోగాలకు ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి కావాలి, భద్రత చూసేది ఇస్రో రేంజ్. వాళ్లడిగే మొదటి కాగితం మీ రాకెట్ అందం గురించి కాదు, అది పడే ప్రాంతపు దీర్ఘవృత్తం గురించి. థ్రస్ట్, బరువు, ఫిన్ వంకర, గాలి, రెయిల్ వాలు అన్నిటినీ వాటి వాటి తేడాలతో వేలసార్లు సిమ్యులేట్ చేసి గీసేది అది. విమానాలకూ మత్స్యకారుల పడవలకూ హెచ్చరికలు దాని మీదే ఆధారపడతాయి. నవంబరులో నెల్లూరు, తిరుపతి తీరం ఈశాన్య రుతుపవనాల చేతిలో ఉంటుంది. విక్రమ్-ఎస్ 15వ తేదీ నుంచి 18కి జరిగింది వాతావరణం వల్లే. మూడు రోజుల ఆలస్యాన్ని బలహీనత అనుకునేవాళ్లకు మెరుపుల కింద ఇగ్నైటర్ వైరు పట్టుకుని నిలబడటం ఏమిటో తెలియదు.

ద్రవ ఇంధనం ఎంచుకున్నవాళ్ల కష్టాలు వేరు. చెన్నై సంస్థ అగ్నికుల్ తన అగ్నిబాణ్ సార్టెడ్‌ను 2024 మే 30న శ్రీహరికోటలోని సొంత ప్యాడ్ నుంచి ఎగరేసే ముందు నాలుగుసార్లు ఆపాల్సి వచ్చింది. ఆపగలగడమే ద్రవ ఇంజిన్ బలం. స్పెయిన్‌లో పీఎల్‌డీ స్పేస్ వాళ్ల మియురా-1 2023 జూన్‌లో ఇంజిన్ అంటుకున్నాక కూడా ఆగిపోయింది, నేల నుంచి వచ్చే కేబుళ్లలో ఒకటి సమయానికి ఊడలేదని కంప్యూటర్ గుర్తించడంతో. అక్టోబరు 7న మళ్లీ ప్రయత్నించి 46 కి.మీ. వెళ్లింది. అదే లోపం ఘన మోటార్‌లో వస్తే కేబుల్‌ను లాక్కుని పోవడమే.

మొదటి ప్రయోగాల్లో ఏం చెడుతుందో తెలుసుకోవాలంటే జపాన్‌లో ఇంటర్‌స్టెల్లార్ టెక్నాలజీస్ చేసిన మోమో రాకెట్ల చరిత్రే మంచి పాఠ్యపుస్తకం. 2017 జులైలో మొదటిది 66వ సెకనులో టెలిమెట్రీ కోల్పోయింది. 2018 జూన్‌లో రెండోది రోల్ నియంత్రణ కోసం పెట్టిన వేడి వాయువు థ్రస్టర్ వ్యవస్థ చెడి, లేచిన నాలుగు సెకన్లకే ప్యాడ్ మీద పడింది. మూడోది 2019 మే 4న 113.4 కి.మీ. అందుకుంది. ఆ తర్వాత కూడా 2020 జూన్‌లో ఒకటి నాజిల్ దెబ్బతిని ఆగింది. గమనించండి, ఒకసారి సమాచార సంబంధం, ఒకసారి రోల్, ఒకసారి నాజిల్. ఎక్కువసార్లు దెబ్బతీసేది ప్రధాన ఇంజిన్ దహనం కాదు, దాని చుట్టూ ఉన్న సహాయక భాగాలు. ఒకసారి వంద దాటినంత మాత్రాన తర్వాతిది దాటుతుందన్న హామీ కూడా లేదు.

అలాగే విక్రమ్-ఎస్ పరీక్షించనివి కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకే దశ కాబట్టి దశల విడిపోత లేదు. ఫిన్స్, స్పిన్‌తో నిలిచింది కాబట్టి నాజిల్‌ను కదిలించి దిశ మార్చే వ్యవస్థ లేదు. శూన్యంలో పై దశను అంటించడం, కక్ష్యలోకి చేర్చే మార్గదర్శకం లేవు. స్కైరూట్ కక్ష్య రాకెట్ విక్రమ్-1లో మూడు ఘన దశలు, పైన ద్రవ ఇంజిన్ దశ కాబట్టి ఆ ప్రమాదాలన్నీ దానికి కొత్తవే. సబ్-ఆర్బిటల్ విజయం చూసి కక్ష్య రాకెట్ ఖాయమనుకోవడం పొరపాటు. కాంపోజిట్ కేసింగ్, ప్రొపెల్లెంట్, ఇన్సులేషన్, ఏవియానిక్స్, నేలమీది ఏర్పాట్లు, అనుమతుల దారి: వీటి మీద మాత్రం నమ్మకం నిజంగా పెరిగింది. ఆ రాకెట్ మోసుకెళ్లిన మూడు పేలోడ్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్‌టెక్‌ది, మిగిలినవి చెన్నై స్పేస్ కిడ్జ్, ఆర్మేనియా బజూమ్‌క్యూలవి. ఒక చిన్న జట్టు పరికరాన్ని మరో చిన్న జట్టు రాకెట్‌కు బిగించి ఎగరేసే పద్ధతి కూడా ఆ రోజు ఇక్కడ మొదటిసారి నడిచింది.

ఎగిరాక చేసే పని వారాల తరబడి సాగుతుంది. ముందు రాడార్, జీపీఎస్, లోపలి సెన్సర్లు మూడిటినీ ఒకే గడియారంలోకి తేవాలి. మిల్లీసెకన్ల తేడా ఉన్నా వేగం లెక్క చెడుతుంది. తర్వాత పీడనం గీతను స్టాటిక్ టెస్ట్ గీత మీద పరచండి. మొదట్లో ఎక్కువై చివర్లో తక్కువైతే గ్రెయిన్ వేడి సంగతి చూడాలి. ఆఖర్లో తోక సాగితే ఇన్సులేషన్ దగ్గర అసమానంగా మండిందని అర్థం. మధ్యలో నెమ్మదిగా కుంగితే త్రోట్ (నాజిల్‌లోని ఇరుకు భాగం) అరిగింది. మోటార్ ఆరాక వేగం తగ్గిన తీరు నుంచి డ్రాగ్ (గాలి నిరోధం) గుణకాన్ని వెనక్కి లెక్కగట్టి, సిమ్యులేషన్‌లో వాడిన దానితో పోల్చండి. చివరగా పడిన చోటు ముందు గీసిన దీర్ఘవృత్తంలో ఎక్కడుందో చూడండి. మధ్యలోనే పడితే సంతోషమే, కానీ దానికి కారణం రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం కూడా కావచ్చు. అందుకే ఎత్తు, దూరం రెండే సరిపోయాయని ఆగకుండా, ప్రతి సెకనుకూ వేగం తేడా ఎంతో విడిగా చూడాలి.